ఎక్స్‌పీనా, సెవెనా? రెండు లిపుల ఊళ్ళో పాత డెస్క్‌టాప్‌ను దారిలో పెట్టడం

పాతపట్నం దాటి పర్లాకిమిడిలో అడుగుపెడితే షాపుల బోర్డుల మీద ఒడియా, తెలుగు పక్కపక్కనే కనిపిస్తాయి. శుభలేఖలూ అంతే. వరుడివైపు వాళ్ళకి తెలుగులో వంద, ఊళ్ళో పంచడానికి ఒడియాలో వంద, కొందరికి రెండూ ఒకే కార్డు మీద. గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఈ పని చేసే ప్రింటింగ్ షాపుల్లో పదిహేనేళ్ళ నాటి డెస్క్‌టాప్‌లు ఇప్పటికీ నడుస్తున్నాయి. కొత్తది కొనే స్తోమత లేక అనుకుంటే పొరపాటు. కొత్త కంప్యూటర్ చాలా షాపుల్లో పక్క టేబుల్ మీదే ఉంటుంది, ఆన్‌లైన్ దరఖాస్తులన్నీ దాని మీదే చేస్తారు. అక్షరాలు పేర్చే పని మాత్రం పాతదాని మీదే జరుగుతుంది. ఆ పనికి కావలసిన సాఫ్ట్‌వేర్, ఫాంట్లు, ఏళ్ళ తరబడి పేరుకున్న పాత ఫైళ్ళు అందులోనే ఉన్నాయి.

అలాంటి సిస్టమ్ మొరాయించినప్పుడు వినిపించే మాట ఒకటే: "స్లో అయిపోయింది బాబూ, ఫార్మాట్ కొట్టేసి మంచి విండోస్ ఏదైనా వేసేయండి, స్పీడైపోద్ది." ఏ విండోస్ మంచిదన్నది మిషన్‌ను చూసి చెప్పే సంగతి కాదు. ముందు అడగాల్సింది వేరే ఉంది. మీ అక్షరాలు ఫైల్లో ఏ రూపంలో దాగి ఉన్నాయి? దీనికి జవాబు దొరికితే పాత విండోస్ వెర్షన్లలో ఎక్స్‌పీనా సెవెనా (విండోస్ 7), 32 బిట్టా 64 బిట్టా, నెట్ ఇవ్వాలా వద్దా అన్నవన్నీ వాటంతటవే తేలిపోతాయి. దీన్ని పట్టించుకోకుండా ఫార్మాట్ కొడితే సిస్టమ్ పరుగెత్తుతుంది గానీ పాత శుభలేఖ ఫైల్ తెరిస్తే పిచ్చి ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తాయి.

ఫైల్లో ఉన్నది తెలుగేనా?

తెలుగు డీటీపీలో (కంప్యూటర్ మీద పేజీలు కూర్చే పనిలో) పేజ్‌మేకర్ అనే పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్, అను ఫాంట్ల జంట ఎంత పాతుకుపోయిందో ఆ రంగంలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒడియా వైపు ఆకృతి ఫాంట్లది అదే స్థానం. ఈ రెండూ పుట్టిన రోజుల్లో కంప్యూటర్‌కు మన లిపుల సంగతి తెలియదు. అందుకని ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గడుల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టారు. తలకట్టు ఒక గడిలో, ఒత్తు ఒక గడిలో, కొమ్ము ఇంకో గడిలో. తెర మీద 'శ్రీ' కనిపించినా ఫైల్లో ఉన్నది ఇంగ్లిష్ గుర్తుల వరసే. ఆ ఫాంటు ఉన్నంతవరకే అది తెలుగు, ఫాంటు తీసేస్తే అర్థం లేని గుర్తులు.

యూనికోడ్ పద్ధతి ఇందుకు పూర్తిగా భిన్నం. అందులో ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఉంటుంది. తెలుగు 'క' 3093, ఒడియా 'క' 2837. రెండింటికీ తేడా సరిగ్గా 256. అది యాదృచ్ఛికం కాదు, భారతీయ లిపులను ఒకే వరసలో, ఒకే అమరికతో పేర్చారు. ఫాంటు మారినా అక్షరం మారదు. అయితే యూనికోడ్ ఫైల్లో ఒత్తులూ గుణింతాలూ విడివిడిగానే ఉంటాయి. 'క', పొల్లు, 'ష' అనే మూడు సంఖ్యలను కలిపి 'క్ష'గా గీయడం ఆపరేటింగ్ సిస్టమ్ పని. విండోస్‌లో యూనిస్క్రైబ్ అనే భాగం ఆ పని చేస్తుంది. అది లేకపోయినా, నిద్రపోతున్నా ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. ఫాంటు లేకపోతే డబ్బాలు కనిపిస్తాయి. పిచ్చి ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తే అది అను, ఆకృతి తరహా ఫైలు, దాని ఫాంటు ఆ సిస్టమ్‌లో లేదు. ప్రశ్నార్థకాల వరస కనిపిస్తే మాత్రం నష్టం జరిగిపోయినట్టే: ఎవరో యూనికోడ్ తెలుగును నోట్‌ప్యాడ్‌లో మామూలుగా సేవ్ చేశారు. ఎక్స్‌పీ, సెవెన్ రెండింటి నోట్‌ప్యాడ్‌లోనూ సేవ్ చేసేటప్పుడు కింద ఉండే ఎన్‌కోడింగ్ పెట్టెలో 'ఆన్సీ' అని ఉంటుంది. దాన్ని 'యూటీఎఫ్ 8'కి మార్చకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది, మళ్ళీ తిరిగి రాదు.

ఈ నాలుగు లక్షణాలనూ గుర్తుపట్టగలిగితే సగం రిపేరు అయిపోయినట్టే.

ఎక్స్‌పీకి తెలుగు వచ్చు, ఒడియా రాదు

సరిహద్దు షాపులకు ఇదే అసలు చిక్కు, ఆంధ్రాలో రాసుకునే సలహాల్లో ఇది కనిపించదు. 2001 అక్టోబరులో విడుదలైన ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు, తెలుగు కీబోర్డు వచ్చాయి. ఒడియాకు ఫాంటూ రాలేదు, కీబోర్డూ రాలేదు. కళింగ అనే ఒడియా ఫాంటు ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విండోస్ విస్టాతో మొదలై 2009 అక్టోబరు నాటి విండోస్ 7లో కొనసాగింది. సెవెన్‌లో తెలుగుకు గౌతమితో పాటు వాణి అనే రెండో ఫాంటు కూడా ఉంది. కాబట్టి యూనికోడ్‌లో తెలుగు, ఒడియా రెండూ కావాలనుకునే షాపుకు ఎక్స్‌పీ పనికిరాదు, కనీసం సెవెన్ ఉండాలి. పని అంతా అను, ఆకృతి ఫాంట్లతోనే నడిచేట్టయితే ఎక్స్‌పీకి ఒడియా తెలియకపోవడం అడ్డే కాదు, దాని దృష్టిలో అవి రెండూ ఇంగ్లిషే.

ఇక్కడ ఒక మంచి సంగతి చెప్పాలి. విండోస్‌తో వచ్చే తెలుగు, ఒడియా కీబోర్డులు రెండూ ఇన్‌స్క్రిప్ట్ పద్ధతివే. కె మీట మీద 'క', హెచ్ మీద 'ప', జె మీద 'ర', డి మీద పొల్లు. భాష మారినా చోటు మారదు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ చేతికి అలవాటైన అమ్మాయి ఒడియా అక్షరాలు చూడకుండానే ఒడియా కొట్టగలదు. రెండు భాషల మధ్య పెరిగిన మనవాళ్ళకి ఇంతకంటే అనువైన ఏర్పాటు లేదు. అయినా వేర్వేరు డీటీపీ లేఅవుట్లకు చేతులు అలవాటై దీన్ని ఎవరూ నేర్చుకోవడం లేదు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకైనా ఇదే నేర్పండి. సెవెన్‌లో కీబోర్డుల జాబితాలో ఒడియా కోసం వెతికేటప్పుడు 'ఒరియా' అన్న పాత పేరు కింద చూడాలి.

గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల సవర భాష కూడా ఉంది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉంటూ నేర్చుకుని, నిఘంటువు కూర్చిన భాష అది. 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపి యూనికోడ్‌లో చేరింది 2012లో. అంటే ఎక్స్‌పీకీ సెవెన్‌కూ ఆ లిపి తెలిసే అవకాశమే లేదు. సవర లిపిలో ఏదైనా అచ్చువేయాల్సి వస్తే ఆ పని కొత్త సిస్టమ్ మీదే చేయాలి.

64 బిట్ మోజు

సెవెన్ అని తేలాక 32 బిట్టా 64 బిట్టా అన్నది వస్తుంది. 64 ఎక్కువ కదా అని అదే వేసేవాళ్ళు ఎక్కువ. పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ దగ్గర అది చెయ్యిచ్చేస్తుంది. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను అసలు నడపదు. ప్రోగ్రామ్ 32 బిట్‌దే అయినా దాని సెటప్ 16 బిట్‌లో ఉండటం ఆ రోజుల్లో మామూలు. అప్పుడు ఇన్‌స్టాల్ దగ్గరే ఆగిపోతుంది. కంప్యూటర్‌కు హార్డ్‌వేర్ తాళం (డాంగిల్) గుచ్చితేనే తెరుచుకునే సాఫ్ట్‌వేర్ ఉంటే, ఆ తాళానికి 64 బిట్ డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రామ్) ఉందో లేదో ముందే చూసుకోవాలి, 32 బిట్ డ్రైవర్‌ను 64 బిట్ విండోస్ ఒప్పుకోదు. పాత స్కానర్లకూ ఇదే వర్తిస్తుంది.

32 బిట్‌తో వచ్చే నష్టం ర్యామ్‌లోనే. 4 జీబీ పెట్టినా గ్రాఫిక్స్‌కూ ఇతర పరికరాలకూ కొంత చిరునామా స్థలం పోగా మూడు, మూడున్నర జీబీ దాకా మాత్రమే వాడుకోగలదు. పేజ్‌మేకర్‌కు అది చాలా ఎక్కువ. పెద్ద ఫ్లెక్సీ డిజైన్లు ఫోటోషాప్‌లో చేసేవాళ్ళకైతే చాలదు, కానీ ఆ పనికి పాత సిస్టమ్ ఎలాగూ తగదు. నా సలహా స్పష్టం: అక్షరాలు పేర్చే మిషన్‌కు 32 బిట్ సెవెన్. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7, అది 2001 నాటిది. ఎక్స్‌పీ తర్వాతి విండోస్‌లకు తయారీదారు భరోసా ఇవ్వలేదు గానీ 32 బిట్ సెవెన్‌లో అది పనిచేస్తుంది. తెరిచేటప్పుడు 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఇవ్వడం మంచిది. తన సెట్టింగులను ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే రాసుకునే పాత అలవాటు దానిది, ఆ చోట రాయడానికి సెవెన్ మామూలుగా ఒప్పుకోదు. ఇన్ని చేసినా ఏదో ఒక పాత ప్రోగ్రామ్ మొండికేస్తే, సెవెన్ ప్రొఫెషనల్, అల్టిమేట్‌లకు వచ్చిన 'ఎక్స్‌పీ మోడ్' ఉంది. సెవెన్ లోపలే ఒక కిటికీలో పూర్తి ఎక్స్‌పీ నడుస్తుంది.

ఫార్మాట్ కొట్టే ముందు

డీ డ్రైవ్‌లో పెట్టాం కాబట్టి భద్రం అన్న నమ్మకం మన షాపుల్లో బలంగా ఉంది. సీ, డీ రెండూ ఒకే డిస్కు మీద గీసిన గీతలు. డిస్కు పోతే రెండూ పోతాయి. అందుకని ముందు డిస్కు ఆరోగ్యం చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో 'రీఅలొకేటెడ్ సెక్టార్స్', 'కరెంట్ పెండింగ్ సెక్టార్స్' అన్న రెండు వరసలు చూడండి. మొదటిది డిస్కులో పాడై మార్చేసిన చోట్ల లెక్క, రెండోది పాడయ్యాయని అనుమానం ఉన్న చోట్ల లెక్క. పెండింగ్ సంఖ్య పెరుగుతూ ఉంటే ఆ డిస్కు మీద కొత్తగా విండోస్ వేయడం వృథా. ఉన్నదంతా బయటకు తీసి డిస్కు మార్చాలి.

తర్వాత మొత్తం డిస్కుకు నకలు తీయాలి. క్లోన్‌జిల్లా ఉచితంగా దొరుకుతుంది, పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది, డిస్కును ఉన్నదున్నట్టు బయటి హార్డ్ డిస్కులోకి దింపుతుంది. ఈ ఒక్క పనికి ఎంత సమయం పట్టినా సరే, దాటవేయకండి. పాత సాఫ్ట్‌వేర్ సీడీలు చాలా షాపుల్లో ఎప్పుడో పోయాయి, సీరియల్ నంబర్ రాసిన కాగితం కూడా పోయింది. ఇన్‌స్టాల్ అయి ఉన్న ఆ కాపీయే ఇప్పుడు మిగిలిన ఆస్తి. నకలు ఉంటే కొత్తది కుదరనప్పుడు పాతది తిరిగి దింపుకోవచ్చు. నకలుతో పాటు విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌ను విడిగా కూడా కాపీ చేయండి. ఒకే పేరుతో అను ఫాంట్ల పాత, కొత్త వెర్షన్లు ఉంటాయి. ఫైలు ఏ వెర్షన్‌తో చేశారో దానితోనే తెరవకపోతే ఒకట్రెండు ఒత్తులు తారుమారవుతాయి. శుభలేఖలో అలాంటి తప్పు పడితే ఎంత అప్రతిష్టో మీకు తెలుసు.

నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ ముందే పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవాలి, విండోస్ వేశాక నెట్ రాకపోతే డ్రైవర్ తెచ్చుకునే దారే ఉండదు. మదర్‌బోర్డు పేరు తెలియకపోతే డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. తయారీదారు సంఖ్య 8086 ఉంటే ఇంటెల్, 1002 ఉంటే ఏఎండీ. దాని పక్కనున్న పరికరం సంఖ్యతో వెతికితే సరైన డ్రైవర్ దొరుకుతుంది.

ఎక్స్‌పీయే వేయాల్సి వస్తే

సర్వీస్ ప్యాక్ 3 (అప్‌డేట్లన్నీ కలిపిన మూట) ఉన్న సీడీ వాడండి, అది 2008లో వచ్చింది. మొట్టమొదటి ఎక్స్‌పీకి 137 జీబీ దాటిన డిస్కు అర్థం కాదు, సర్వీస్ ప్యాక్ 1తో ఆ లోపం పోయింది. సెటప్ మొదలవగానే ఆఖర్న 7బీ అని ఉన్న నీలి తెర వస్తే డిస్కు పాడైందని కంగారు పడకండి. బయోస్‌లో (విండోస్‌కంటే ముందు మదర్‌బోర్డు చూపే సెట్టింగుల్లో) సాటా మోడ్, అంటే డిస్కుతో మాట్లాడే పద్ధతి, 'ఏహెచ్‌సీఐ'లో ఉంది, ఎక్స్‌పీ సీడీలో దానికి డ్రైవర్ లేదు. 'ఐడీఈ'కి మారిస్తే సరిపోతుంది.

సెటప్ అయ్యాక తెలుగు కోసం కంట్రోల్ ప్యానెల్, రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్, లాంగ్వేజెస్ ట్యాబ్‌కు వెళ్ళి 'కాంప్లెక్స్ స్క్రిప్ట్' అని ఉన్న మొదటి పెట్టెలో టిక్ పెట్టాలి. సీడీలోని ఐ386 ఫోల్డర్ అడుగుతుంది. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. బజార్లో తిరిగే 'లైట్' ఎక్స్‌పీలు, రంగురంగుల థీములతో వచ్చే కాపీలు సైజు తగ్గించడానికి ముందు కోసేసేది భాషల ఫైళ్ళనే. వాటిని తయారుచేసినవాళ్ళకి తెలుగు అవసరం లేదు. అలాంటి కాపీలో ఎంత తంటాలు పడ్డా ఒత్తులు కలవవు. కేబినెట్ మీద స్టిక్కర్ ఉన్న అసలు లైసెన్సు, దానికి తగిన అసలు సీడీ ఉంటేనే ఈ పని పూర్తవుతుంది. ఆ కాపీల్లో ఇంకేం చొప్పించారో తెలియదు, అది వేరే ప్రమాదం.

తెలుగు చదవడానికి ఉపయోగపడే మార్పు ఇంకొకటుంది, ఎవరూ చెప్పరు. ఎక్స్‌పీలో క్లియర్‌టైప్ మామూలుగా ఆపేసి ఉంటుంది. డిస్‌ప్లే ప్రాపర్టీస్, అప్పియరెన్స్, ఎఫెక్ట్స్‌లో అక్షరాల అంచులు నునుపు చేసే పద్ధతిని 'క్లియర్‌టైప్'కి మార్చండి. ఎల్‌సీడీ తెర మీద గౌతమిలోని సన్నటి ఒత్తులు అప్పుడు స్పష్టంగా విడివడి కనిపిస్తాయి. రోజంతా ప్రూఫులు చూసే కళ్ళకు ఇది నిజమైన ఉపశమనం. సెవెన్‌లో ఇది ముందే పనిచేస్తూ ఉంటుంది, కాంప్లెక్స్ స్క్రిప్ట్ టిక్ కూడా అక్కర్లేదు.

సెవెన్‌లో వచ్చే తలనొప్పులు

కొత్త తరం బోర్డు మీద సెవెన్ వేయబోతే సెటప్ తెర మీద మౌస్, కీబోర్డు కదలవు. యూఎస్‌బీ 3 డ్రైవర్ సెవెన్‌లో లేకపోవడమే కారణం. పాత బోర్డుల్లో నల్లటి యూఎస్‌బీ 2 పోర్టులో గుచ్చితే చాలు. రెండో తలనొప్పి అప్‌డేట్లు. సర్వీస్ ప్యాక్ 1తో సెవెన్ వేసి అప్‌డేట్ చూడమంటే గంటల తరబడి ప్రాసెసర్‌ను మింగేస్తూ కూర్చుంటుంది. దానికి దారి ఉంది: ముందు కేబీ3020369 (కేబీ అంకెలు మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ల గుర్తింపు నంబర్లు), తర్వాత 2016లో వచ్చిన పెద్ద మూట కేబీ3125574 చేత్తో ఇన్‌స్టాల్ చేయాలి. 2019 నుంచి వచ్చిన అప్‌డేట్లు కొత్త రకం డిజిటల్ సంతకంతో ఉన్నాయి. వాటిని గుర్తించడానికి కేబీ4490628, కేబీ4474419 కూడా ఉండాలి. ఈ నాలుగూ ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న మెకానిక్‌కు సెవెన్ ఒక పూట పని.

నిజంగా స్లో ఎందుకవుతుంది?

పాత ఎక్స్‌పీ సిస్టమ్ ఒక్కసారిగా నత్తనడకకు దిగితే నేను మొదట అనుమానించేది పీఐఓ మోడ్‌ను. డిస్కుకూ ర్యామ్‌కూ మధ్య డేటా ప్రాసెసర్‌తో పని లేకుండా నేరుగా ప్రవహించే పద్ధతి డీఎంఏ. డిస్కు చదవడంలో పదేపదే లోపాలొస్తే ఎక్స్‌పీ ఆ వేగాన్ని మెట్టుమెట్టుగా తగ్గించుకుంటూ చివరికి పీఐఓకు దిగిపోతుంది. అప్పుడు ప్రతి ముక్కనూ ప్రాసెసర్ స్వయంగా మోయాలి. సమస్య ఏమిటంటే, కేబుల్ సరిచేసినా తనంతట తాను తిరిగి పైకెక్కదు. డివైస్ మేనేజర్‌లో ఐడీఈ ఛానెల్ తెరిచి అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ప్రస్తుత మోడ్ 'పీఐఓ' అని ఉంటే, ఆ ఛానెల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. విండోస్ దాన్ని కొత్తగా గుర్తించి డీఎంఏ ఇస్తుంది. ఫార్మాట్ కొడితే స్పీడవుతుందన్న నమ్మకానికి ఒక మూలం ఇదే, ఫార్మాట్‌తో కూడా ఈ మోడ్ సరైపోతుంది కదా. కొన్నాళ్ళకే మళ్ళీ పీఐఓకు పడితే కేబుల్ మార్చాలి, లేదా డిస్కు చివరి రోజుల్లో ఉందని అర్థం చేసుకోవాలి.

రెండో కారణం డీటీపీ షాపులకే ప్రత్యేకం: ఫాంట్ల గుట్ట. దొరికిన ప్రతి ఫాంట్ సీడీనీ ఫాంట్స్ ఫోల్డర్‌లో కుమ్మరిస్తే బూట్ అవడం, పేజ్‌మేకర్ తెరుచుకోవడం, ఫాంట్ మెనూ దిగడం అన్నీ బరువెక్కుతాయి. వాడేవి ఉంచి మిగతావి వేరే ఫోల్డర్‌కు మార్చండి.

మూడోది అసలు వైద్యం, ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేకుండా చిప్‌లతో నడిచే డిస్కు). పాత బోర్డు మీద సాటా 2 పోర్టు సెకనుకు 300 ఎంబీ దగ్గరే ఆగినా ఫరవాలేదు, ఎస్‌ఎస్‌డీ లాభమంతా చిన్న చిన్న ఫైళ్ళను తడుముకోకుండా తీయడంలో ఉంది. సెవెన్ దీనికి సిద్ధంగా ఉంటుంది. పార్టిషన్‌ను 2048వ సెక్టార్ దగ్గర మొదలుపెడుతుంది, పనికిరాని గడుల్ని డ్రైవ్‌కు తెలియజేసే ట్రిమ్ ఆజ్ఞ దానికి వచ్చు. ఎక్స్‌పీ మాత్రం 63వ సెక్టార్ దగ్గర మొదలుపెడుతుంది. ఎస్‌ఎస్‌డీ లోపలి గడులతో ఆ గీత కలవదు కాబట్టి ఒక్క గడి రాయాల్సిన చోట రెండు గడులు తిరగరాయాల్సి వస్తుంది. 2010 తర్వాతి పెద్ద సెక్టార్ల హార్డ్ డిస్కులకూ ఇదే ఇబ్బంది. ఎక్స్‌పీకి ఎస్‌ఎస్‌డీ పెట్టాలంటే పార్టిషన్‌ను ముందు సెవెన్ డీవీడీతోనో జీపార్టెడ్‌తోనో గీసి, ఎక్స్‌పీ సెటప్‌లో దాన్ని చెరపకుండా వాడుకోవాలి.

ఇక రకరకాల 'ట్వీకులు'. ప్రీఫెచ్ ఫోల్డర్ ఖాళీ చేస్తే వేగం వస్తుందంటారు. ప్రోగ్రామ్‌లు త్వరగా తెరుచుకోవడానికి విండోస్ రాసుకున్న గుర్తులవి, చెరిపేస్తే తర్వాతిసారి ఇంకా ఆలస్యమవుతుంది. నెట్ వేగంలో 20 శాతం విండోస్ దాచుకుంటుంది, దాన్ని విడిపించాలన్నది మరో ప్రచారం. ఆ కోటా కోరే ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు తప్ప అది ఎవరి వాటానూ తగ్గించదు. రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగుల చిట్టా) క్లీనర్ల వల్ల వేగం రాదు, పాత సాఫ్ట్‌వేర్ లైసెన్సు రాసుకున్న గడి పోయే ప్రమాదం మాత్రం ఉంటుంది. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో స్టార్టప్ జాబితా తగ్గించుకోవడం ఒక్కటి మంచిదే.

నెట్, పెన్‌డ్రైవ్, కరెంటు

ఎక్స్‌పీకి భద్రతా సాయం 2014 ఏప్రిల్ 8న, సెవెన్‌కు 2020 జనవరి 14న ఆగిపోయింది. 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా ఫైళ్ళకు తాళాలేసినప్పుడు ఎక్స్‌పీ కోసం ప్రత్యేకంగా కేబీ4012598 విడుదల చేయాల్సి వచ్చింది, 2019లో బ్లూకీప్ లోపానికి మరొకటి. ఎక్స్‌పీ ఉంచుకునేవాళ్ళు ఈ రెండూ వేసుకుని, ఆ తర్వాత నెట్ కేబుల్ పీకేయాలి. అందులో సగం వెబ్‌సైట్లు ఎలాగూ తెరుచుకోవు, నేటి సురక్షిత కనెక్షన్ల భాష దాని సొంత బ్రౌజర్‌కు తెలియదు. సెవెన్‌కు క్రోమ్ 109తో, ఫైర్‌ఫాక్స్ 115 శాఖతో ఆగిపోయాయి. దాని మీద బ్యాంకు పని, ఆధార్ పని పెట్టుకోకండి, ఊళ్ళోవాళ్ళ కాగితాలు మన చేతిలో ఉన్నప్పుడు ఆ జాగ్రత్త మన బాధ్యత.

పాత, కొత్త సిస్టమ్‌ల మధ్య ఫోల్డర్ షేరింగ్ కుదరడం లేదని కొత్తదానిలో 'ఎస్‌ఎంబీ 1' అనే పాత షేరింగ్ పద్ధతిని ఆన్ చేయిస్తున్నారు. వాన్నాక్రై దూరిన దారి అదే. పెన్‌డ్రైవ్‌తో సరిపెట్టుకోండి, కాకపోతే ఆటోరన్‌ను (గుచ్చగానే అందులోని ప్రోగ్రామ్ తనంతట తాను నడవడాన్ని) పూర్తిగా ఆపేసి, ఫోల్డర్ ఆప్షన్స్‌లో ఫైళ్ళ తోక పేర్లు కనిపించేలా పెట్టండి. ఫోల్డర్ బొమ్మతో ఉండి చివర 'ఈఎక్స్‌ఈ' అని ఉంటే అది వైరస్. కస్టమర్ పెన్‌డ్రైవ్‌ను ముందు కొత్త సిస్టమ్‌లో స్కాన్ చేశాకే పాతదానికి ఇవ్వాలి.

2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ జిల్లాల్లో కరెంటు ఎలా పోయిందో మరచిపోలేం. తుపాను లేని రోజుల్లోనూ కోతలు తప్పవు. ఎన్‌టీఎఫ్‌ఎస్ (డిస్కు మీద విండోస్ ఫైళ్ళను అమర్చుకునే పద్ధతి) తన చిట్టాను కాపాడుకుంటుంది గానీ సగం రాసిన పేజ్‌మేకర్ ఫైలును కాపాడదు. యూపీఎస్ లేని చోట డిస్కు ప్రాపర్టీస్‌లో 'రైట్ క్యాషింగ్' (రాయాల్సినదాన్ని కాసేపు మెమరీలో ఆపి ఉంచడం) ఆపేయండి, కాస్త వేగం తగ్గినా ఫైళ్ళు నిలుస్తాయి. తారీఖు వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది గుండ్రటి 2032 బ్యాటరీ మార్చండి. తారీఖు తప్పితే వెబ్‌సైట్లు సర్టిఫికెట్ తప్పంటాయి, అందరూ నెట్‌ను తిడతారు.

ఇప్పుడే చేయాల్సిన పని

ఇంత జాగ్రత్తగా ఆ సిస్టమ్‌ను నిలబెట్టేది అందులోని పాత ఫైళ్ళ కోసమే కాబట్టి, వాటిని యూనికోడ్‌లోకి మార్చే పని అది నడుస్తున్నప్పుడే మొదలుపెట్టాలి. పీడీఎఫ్ చేసి దాచుకుంటే చాలనుకుంటారు. ఫాంటు పొదిగిన పీడీఎఫ్ చూడటానికి, అచ్చువేయడానికి పనికొస్తుంది గానీ అందులోంచి ఒక పేరు కాపీ చేస్తే వచ్చేవి మళ్ళీ ఆ ఇంగ్లిష్ గుర్తులే. అను నుంచి, ఆకృతి నుంచి యూనికోడ్‌కు మార్చే ఉచిత పరికరాలు ఉన్నాయి. అవి తడబడే చోట్లు దాదాపు ఒకటే: అక్షరానికి ముందు గీసినా పలకడంలో తర్వాత వచ్చే 'ర' ఒత్తు, రెండు ఒత్తులు ఒకదాని కింద ఒకటి పడే మాటలు, మధ్యలో నిజంగా ఇంగ్లిష్‌లోనే ఉన్న పేర్లు, ఫోన్ నంబర్లు. ఇంగ్లిష్ ముక్కలను ముందే విడదీసి, తెలుగు భాగాన్ని మాత్రమే మార్చాలి. ఒడియా కార్డులు ఒడియా చదవగలవాళ్ళే సరిచూడాలి, మన కంటికి ఒకేలా కనిపించే రెండు ఒడియా ఒత్తుల మధ్య తేడా వాళ్ళకే తెలుస్తుంది. సరిచూసేటప్పుడు పాత తెర మీద అసలు పేజీ, కొత్త తెర మీద మార్చిన పేజీ పక్కపక్కన ఉండాలి. ఆ పాత తెర వెలుగుతున్నంతకాలమే ఇది సాధ్యం. పెళ్ళిళ్ళు లేని నెలల్లో రోజుకు కొన్ని ఫైళ్ళ చొప్పున, ఎక్కువగా తిరిగి అడిగేవాటితో మొదలుపెట్టండి: ఆహ్వానాల నమూనాలు, గుడి కమిటీ కరపత్రాలు, సంఘాల సభ్యుల జాబితాలు.